రచ్చ గెలిచిన హీరోలు... ఇంట గెలుస్తారా?

నాన్న కారు రేసర్. ట్రాక్ మీద కారును తుక్కు చేసుకోవడం ఆయనకు రోజూ ఉండే పనే. అమ్మ డ్యూటీకి వెళ్లిందంటే రాక్షసుల పని పట్టాల్సిందే. టీనేజీలో ఉన్న కూతురు, ర్యాప్ పాటల పిచ్చిలో తేలిపోయే కొడుకు, మనిషిలా మాట్లాడే భారీ పెంపుడు జంతువు. పొద్దంతా పేలుళ్లు, ఛేజింగులు. పొద్దుగూకాక అన్ని ఇళ్లలో ఉన్నట్టే వంటిల్లు, చదువులు, అలకలు, బుజ్జగింపులు. వీళ్లంతా వీడియో గేమ్ పాత్రలు. మనం ఆట ఆపేశాక వీళ్లు ఎక్కడికి వెళతారు? వీళ్లకూ ఓ ఇల్లు ఉంటే అక్కడ ఏం జరుగుతుంది? ఈ ఊహతో 2004లో అమెరికన్ టీవీలో ఓ యానిమేషన్ కామెడీ సీరియల్ వచ్చింది. పేరు 'గేమ్ ఓవర్'.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. వీడియో గేమ్ హీరోది మాత్రం తలకిందుల ప్రయాణం. అతనికి మొదటి నిమిషం నుంచీ రచ్చే. కోటలు దూకుతాడు, డ్రాగన్లను కూలుస్తాడు, లోకాన్ని కాపాడతాడు. ఇల్లు మాత్రం ఉండదు. ఆ హీరోలకు ఇల్లు కట్టిపెట్టాలని నలభై ఏళ్లకు పైగా టీవీ, సినిమా చేస్తూ వచ్చిన ప్రయత్నాల్లో 'గేమ్ ఓవర్' ఒకటి. నిలవలేకపోయినా, అది పట్టుకున్న దారం చాలా విలువైనది. ఇప్పుడు మన పిల్లల బాల్యంలో సగం గేముల్లోనే గడుస్తోంది కాబట్టి, ఆ దారం ఎక్కడిదో, ఎక్కడ తెగిందో, మళ్లీ ఎవరు ముడివేశారో తెలుసుకోవడం మనకూ అవసరమే.

ఆరు ఎపిసోడ్ల కాపురం

యూపీఎన్ అనే ఛానెల్‌లో 2004 మార్చి 10న 'గేమ్ ఓవర్' మొదలైంది. సృష్టికర్త డేవిడ్ శాక్స్, 'ది సింప్సన్స్'కు రాసిన అనుభవం ఉన్న రచయిత. నిర్మించింది కార్సీ-వెర్నర్ సంస్థ. 'ది కాస్బీ షో', 'రోజాన్', 'దట్ సెవెంటీస్ షో' వంటి ఇంటింటి కామెడీలతో అమెరికాను నవ్వించింది వాళ్లే. అంటే కుటుంబ కథ అల్లడంలో చేయి తిరిగిన వాళ్లే ఈ గేమ్ ఇంటికి పునాది వేశారు.

ఇంటిపేరు స్మాషెన్‌బర్న్. తండ్రి రిప్‌కు ప్యాట్రిక్ వార్‌బర్టన్ గొంతు ఇచ్చాడు. తల్లి రకెల్‌కు గొంతు లూసీ లియూది. 'కిల్ బిల్' సినిమాతో అప్పటికే ఆమె పేరు మార్మోగుతోంది. కూతురు ఆలిస్‌కు 'సాటర్‌డే నైట్ లైవ్' నటి రేచెల్ డ్రాచ్, కొడుకు బిల్లీకి ఇ.జి. డేలీ, పెంపుడు జంతువు టర్బోకు ఆర్టీ లాంగ్ డబ్బింగ్ చెప్పారు. బొమ్మలన్నీ కంప్యూటర్‌లో తయారైన త్రీడీ బొమ్మలే. టీవీలో రాత్రి వేళ ప్రసారమయ్యే కామెడీ సీరియళ్లకు ఆ రోజుల్లో అది అరుదైన సాహసం.

ఆ సాహసానికి ఆయుష్షు తక్కువైంది. తయారైన ఎపిసోడ్లు ఆరు, ప్రసారమైనవి ఐదు. ఏప్రిల్ ముగిసేలోపే సీరియల్ ఆగిపోయింది. ఆరోదాన్ని అభిమానులు డీవీడీలోనే చూసుకోవాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఆగస్టు చివర్లో ఎన్‌బీసీ ఛానెల్ కోసం డ్రీమ్‌వర్క్స్ సంస్థ సింహాల కుటుంబం మీద 'ఫాదర్ ఆఫ్ ద ప్రైడ్' అనే త్రీడీ కామెడీ తీసింది. భారీ ఖర్చుతో వచ్చిన ఆ సీరియల్ కూడా ఒక్క సీజన్‌తోనే సర్దుకుంది. రెండేళ్ల తర్వాత, 2006లో, యూపీఎన్ ఛానెల్ కూడా మూతపడింది.

ఏ కాలానికైనా అదే కాపురం

మామూలు కుటుంబాన్ని తీసుకెళ్లి ఎక్కడో వింత లోకంలో కాపురం పెట్టించడం అమెరికన్ కార్టూన్లకు కొత్త కాదు. హానా-బార్బెరా సంస్థ 1960లో 'ది ఫ్లింట్‌స్టోన్స్' తీసింది. రాతియుగంలో ఉంటారు, రాతి చక్రాల కారు తోలతారు. గొడవలు మాత్రం యజమానితోనూ, పక్కింటి వాళ్లతోనూ, భార్యతోనూ. పెద్దలు టీవీ చూసే వేళ ప్రసారమై నిలదొక్కుకున్న తొలి కార్టూన్ కుటుంబం ఇదే. ఆరు సీజన్లు, 166 ఎపిసోడ్లు నడిచింది. 1962లో అదే సంస్థ కాలాన్ని ముందుకు తిప్పి 'ది జెట్సన్స్' తెచ్చింది. అక్కడ ఎగిరే కార్లు, పనిమనిషిగా రోబో. ఆఫీసులో బాస్ తిట్లు మాత్రం మామూలే. 1989లో సింప్సన్స్ కుటుంబం వచ్చేసరికి వింత లోకం అక్కర్లేకపోయింది. చిన్న ఊరు, పసుపు రంగు మనుషులు చాలు.

వీటన్నిటిలో నవ్వు పుట్టే చోటు ఒక్కటే. బయటి లోకం ఎంత మారినా ఇంట్లో మనిషి మారడు. డైనోసార్ మీద కూర్చుని పనిచేసినా, గ్రహాల మధ్య తిరిగినా ఇంటికొచ్చేసరికి ఆలస్యానికి సంజాయిషీ చెప్పుకోవాల్సిందే. 'గేమ్ ఓవర్' ఎత్తుకున్న సూత్రం సరిగ్గా ఇదే. రాతియుగం, రాకెట్ యుగం తర్వాత వీడియో గేమ్ యుగం. 2004కి ఇది చక్కగా నప్పే ఊహ. ప్లేస్టేషన్ 2 మార్కెట్లోకి వచ్చి నాలుగేళ్లయింది. నింటెండో ఆటలతో పెరిగిన తరం తామే తల్లిదండ్రులయ్యే వయసుకు వచ్చింది.

ప్యాక్‌మ్యాన్ ఇంటివాడైన వేళ

గేమ్ హీరోకు కుటుంబం పెట్టాలన్న ఆలోచన మాత్రం అంతకు చాలా ముందే, గేముల్లోనే పుట్టింది. జపాన్‌లో నామ్కో సంస్థకు చెందిన తోరు ఇవాతాని రూపొందించిన 'ప్యాక్‌మ్యాన్' 1980లో విడుదలైంది. నోరు తెరుచుకుని చుక్కలు మింగుతూ పోయే పసుపు గుండ్రం. వెంట నాలుగు దెయ్యాలు. ఆ దెయ్యాలకు తలో స్వభావం ఉంది. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీది మనకన్నా నాలుగడుగుల ముందుకు లెక్కవేసి కాపు కాస్తుంది. నారింజది దగ్గరికి వచ్చాక వెనక్కి తగ్గుతుంది. కానీ హీరోకు స్వభావం లేదు. వాడికి ఆకలే స్వభావం. ఆ ఆటకు ముగింపూ లేదు. 256వ స్థాయికి చేరితే లెక్కపెట్టే యంత్రం సామర్థ్యం దాటిపోయి, స్క్రీన్‌లో కుడి సగం అక్షరాల చిందరవందరగా మారిపోతుంది. గెలిచి ఇంటికి వెళ్లే దారిని ఆ ఆటలో ఎవరూ రాయలేదు.

రెండేళ్లకు అమెరికాలో 'మిస్ ప్యాక్‌మ్యాన్' వచ్చింది. కొన్ని స్థాయిలు దాటాక మధ్యలో ఆట ఆగుతుంది. సినిమా షూటింగుల్లో కొట్టే క్లాప్ బోర్డు తెర మీద కనిపిస్తుంది. రెండో స్థాయి తర్వాత మొదటి అంకం. వేర్వేరు దెయ్యాలు తరుముతుంటే అటు నుంచి ప్యాక్‌మ్యాన్, ఇటు నుంచి మిస్ ప్యాక్‌మ్యాన్ పరుగున వచ్చి ఎదురుపడతారు. దెయ్యాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఇద్దరి మధ్యా హృదయం గుర్తు మెరుస్తుంది. ఐదో స్థాయి తర్వాత ఒకరి వెనక ఒకరు సరదా పరుగులు. తొమ్మిదో స్థాయి తర్వాత ఓ కొంగ ఎగురుకుంటూ వచ్చి మూట జారవిడుస్తుంది. మూట విప్పుకుంటే లోపల బుజ్జి ప్యాక్‌మ్యాన్. కొన్ని క్షణాల బొమ్మలే అవి. పరిచయం, సరసం, సంతానం... ఒక కాపురం మొత్తం అందులో ఉంది. నాణెం వేసి ఆడే యంత్రం ముందు నిలబడ్డ పిల్లలకు ఈ కథ చూడటమే పై స్థాయికి వెళ్లినందుకు బహుమతి.

టీవీ వాళ్లు ఆ సూచన అందుకున్నారు. 1982 సెప్టెంబరులో ఏబీసీ ఛానెల్‌లో హానా-బార్బెరా 'ప్యాక్‌మ్యాన్' కార్టూన్ మొదలుపెట్టింది. వీడియో గేమ్ ఆధారంగా వచ్చిన తొలి టీవీ కార్టూన్‌గా దానికి పేరు. అందులో ప్యాక్‌మ్యాన్‌కు భార్య ఉంది, పాపాయి ఉంది, కుక్క ఉంది, పిల్లి ఉంది. ఆకలి తప్ప ఏమీ ఎరగని గుండ్రానికి అకస్మాత్తుగా సంసార బాధ్యతలు వచ్చిపడ్డాయి. ఆ తర్వాత మిగతా గేమ్ హీరోలూ వరస కట్టారు. 1989లో మారియో, లూయీజీ అన్నదమ్ములుగా టీవీలో కొలువుదీరారు. ఆ కార్యక్రమంలో మారియో వేషం కట్టింది కుస్తీ వీరుడు లూ అల్బనో.

ఆకాశం నుంచి ఊడిపడే ఆట

కెనడాలోని వాంకోవర్‌లో మెయిన్‌ఫ్రేమ్ సంస్థ 1994లో తీసిన 'రీబూట్' ఈ దారిలో పెద్ద మలుపు. పూర్తిగా కంప్యూటర్ బొమ్మలతో అరగంట ఎపిసోడ్లుగా నడిచిన తొలి టీవీ సీరియల్ అది. 'టాయ్ స్టోరీ' సినిమా వచ్చింది ఏడాది తర్వాతే. కథంతా కంప్యూటర్ లోపల ఉన్న ఓ నగరంలో నడుస్తుంది. డాట్ అనే అక్క హోటల్ నడుపుకుంటూ తమ్ముడు ఎంజోను పెంచుతుంటుంది. వాళ్లకు అండగా ఉండే రక్షకుడు బాబ్.

అప్పుడప్పుడూ ఆకాశం నుంచి ఓ పెద్ద ఘనం నగరంలోని ఏదో పేట మీద దిగుతుంది. అదే గేమ్. బయటెక్కడో ఓ మనిషి కుర్చీలో కూర్చుని ఆట మొదలుపెట్టాడన్నమాట. ఆ ఘనం కింద చిక్కుకున్న వాళ్లంతా ఆటలో పాత్రలై ఆ మనిషితో పోరాడాలి. వాళ్లు గెలిస్తే పేట బతుకుతుంది. మనిషి గెలిస్తే ఆ పేట నాశనమవుతుంది. లోపల ఉన్నవాళ్లు మెదడు లేని పురుగుల్లాంటి జీవులుగా మిగిలిపోతారు. ఆడేవాడికి కాలక్షేపం, లోపలివాళ్లకు ప్రళయం. గేమ్‌ను పాత్రల వైపు నుంచి, అందులోనూ ఓ అక్కాతమ్ముళ్ల ఇంటి గుమ్మం నుంచి చూపించడం వల్ల ప్రతి ఆటకూ బరువొచ్చింది. ఈ సంగతిని 'రీబూట్' ఎంత గట్టిగా పట్టుకుందో, పదేళ్ల తర్వాత వచ్చిన 'గేమ్ ఓవర్' అంత తేలిగ్గా వదిలేసింది.

మంటల్లోంచి పుట్టిన ఇల్లు

టీవీ ఇలా గేమ్ పాత్రలకు ఇల్లు వెతుకుతుంటే, గేమ్ తయారీదారు ఒకరు ఇంటినే గేమ్‌గా మార్చే పనిలో ఉన్నాడు. ఆయన విల్ రైట్. 1991 అక్టోబరులో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ కొండల్లో చెలరేగిన మంటల్లో ఆయన ఇల్లు కాలిపోయింది. మంచాలు, గిన్నెలు, బట్టలు ఒక్కొక్కటే మళ్లీ కొనుక్కుంటూ, మనిషికి ఏ వస్తువు ఎందుకు కావాలన్న ఆలోచనలో పడ్డాడు. మొదట ఇళ్లు కట్టే ఆటనుకున్నాడు. కట్టిన ఇల్లు బాగుందో లేదో తేల్చడానికి చిన్న మనుషుల్ని పెట్టాడు. చివరికి ఆ మనుషులే ఆటయ్యారు. 2000 ఫిబ్రవరిలో 'ది సిమ్స్' విడుదలైంది.

అందులో కాపాడాల్సిన రాకుమారి లేదు, చంపాల్సిన రాక్షసుడూ లేడు. ఆకలి, నిద్ర, శుభ్రత, సరదా, తోడు... మనిషి అవసరాలే ఒక్కో గీతగా తెర అడుగున కనిపిస్తుంటాయి. వంట రాని మనిషిని పొయ్యి దగ్గరికి పంపితే వంటిల్లు అంటుకుంటుంది. పాపాయిని పట్టించుకోకపోతే ప్రభుత్వ ఉద్యోగి వచ్చి తీసుకెళ్లిపోతుంది. పిల్లాడి చదువు దెబ్బతింటే మిలిటరీ స్కూలుకు పంపేస్తారు, మళ్లీ రాడు. ఆ ఆటకు అమ్మాయిలూ అబ్బాయిలూ సమానంగా అతుక్కుపోయారు. రెండేళ్లు తిరిగేసరికి పీసీ గేముల అమ్మకాల్లో అదే మొదటి స్థానానికి చేరింది.

మొదటి 'సిమ్స్'లో పిల్లలు పెద్దవాళ్లు కారు. ఎన్నేళ్లు ఆడినా బడి పిల్లలే. 'సిమ్స్ 2'లో ఆ లోటు తీరింది. పసిపిల్లలు యువకులవుతారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, ముసలివాళ్లవుతారు, పోతారు. తల్లి కళ్లు, తండ్రి ముక్కు పిల్లలకు వస్తాయి. ఆ ఆట విడుదలైంది 2004 సెప్టెంబరులో. టీవీలో స్మాషెన్‌బర్న్ కుటుంబం అంతర్ధానమైన కొద్ది నెలలకే, గేమ్ తనంతట తానే కుటుంబానికి తరాలను, వృద్ధాప్యాన్ని, చావును ఇచ్చుకుంది.

ఎక్కడ తప్పింది?

'గేమ్ ఓవర్' ఓడిపోవడానికి పైకి కనిపించే కారణాలు ఉన్నాయి. ఛానెల్ చిన్నది. త్రీడీ పని ఖరీదైనది, టీవీ బడ్జెట్‌లో బొమ్మలు బిగుసుకుపోయినట్టు ఉండేవి. ఐదు ఎపిసోడ్లలో ఏ ఇంటివాళ్లూ ప్రేక్షకులకు చుట్టాలు కాలేరు. కుటుంబ హాస్యానికి కొంత కాలం కావాలి. ఆ ఇంటి సోఫా, వంటిల్లు, వాళ్ల ఊతపదాలు మనకు అలవాటయ్యాకే నవ్వు వస్తుంది.

అసలు కారణం కథలో ఉందని నా నమ్మకం. వీడియో గేమ్‌కు ఓ మూల సూత్రం ఉంది. ఓడితే మళ్లీ మొదలుపెట్టొచ్చు. చచ్చినా ఇంకో ప్రాణం ఉంటుంది. కుటుంబానిది దీనికి పూర్తిగా ఎదురు సూత్రం. నోరు జారిన మాట వెనక్కి రాదు. కూతురి పుట్టినరోజు మర్చిపోయిన తండ్రికి రెండో అవకాశం ఏడాది దాకా దొరకదు. ఈ రెండు సూత్రాలూ ఢీకొన్న చోటే గొప్ప హాస్యం ఉంది, గొప్ప బాధా ఉంది. రోజూ కారు గుద్దుకుని లేచి వచ్చే రిప్‌కు, భార్య మనసు విరిస్తే అలా లేచి రావడం కుదరదని తెలిసే క్షణం ఎంత బాగుంటుంది! రాక్షసుల్ని ఒక్క వేటుతో కూల్చే రకెల్‌కు, తలుపు వేసుకుని కూర్చున్న కూతురి ముందు ఏ ఆయుధమూ పనికిరాని క్షణం ఎంత నిజంగా ఉంటుంది! సీరియల్ గేమ్‌ను ఉద్యోగంగా, దుస్తులుగా, పేర్లుగా వాడుకుంది. ఆ సూత్రాన్ని కథకు వెన్నెముకగా మాత్రం చేసుకోలేదు.

దారం మళ్లీ ముడిపడింది

ఆ పని తర్వాతి వాళ్లు చేశారు. డిస్నీ 2012లో తీసిన 'రెక్-ఇట్ రాల్ఫ్' దర్శకుడు రిచ్ మూర్ కూడా సింప్సన్స్ బడిలో పని నేర్చినవాడే. ముప్ఫై ఏళ్లుగా ఓ గేమ్‌లో విలన్ ఉద్యోగం చేస్తున్న రాల్ఫ్, ఆట అయ్యాక చెత్తకుప్ప మీద పడుకుంటాడు. అందరికీ ఉన్న ఇల్లు, అందరూ హీరోకిచ్చే గౌరవం తనకెందుకు లేవని బాధపడతాడు. ఆ లోకంలో ఒక నియమం ఉంది. సొంత గేమ్‌లో చస్తే మళ్లీ పుడతారు, బయటి గేమ్‌లో చస్తే అంతే సంగతులు. ఈ ఒక్క నియమంతో కథకు ప్రాణం వచ్చింది. స్నేహితురాలి కోసం రాల్ఫ్ ప్రాణానికి తెగించినప్పుడు చూసేవాళ్ల కళ్లు చెమర్చడానికి కారణం అదే.

2021 నవంబరులో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'ఆర్కేన్' ఇంకా ముందుకెళ్లింది. దాని మూలం 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' అనే ఆన్‌లైన్ గేమ్. అందులో వై, జింక్స్ అనే ఇద్దరు యోధురాళ్లు ఉన్నారు. ఆడేవాళ్ల ఇష్టాన్ని బట్టి ఓ ఆటలో ఒకే జట్టులో ఉంటారు, మరో ఆటలో ఎదురెదురు జట్లలో. ఆట అయిపోగానే ఎవరికీ ఏమీ గుర్తుండదు. పారిస్‌లోని ఫోర్టిష్ స్టూడియో తీసిన సీరియల్ వాళ్లను అక్కాచెల్లెళ్లుగా నిలబెట్టింది. అనాథలైన ఆ ఇద్దరినీ ఒకరు చేరదీయడం, చెల్లెలు చేసిన ఒక్క పొరపాటు, అక్క కోపంలో అన్న ఒక్క మాట, దాంతో విడిపోయిన బతుకులు... గేమ్‌లో ఎన్నిసార్లయినా సరిదిద్దుకోగలిగింది ఇక్కడ ఒక్కసారీ సరిదిద్దుకోలేరు. 2022లో ఎమ్మీ అవార్డుల్లో ఉత్తమ యానిమేషన్ కార్యక్రమం 'ఆర్కేన్'దే. గేమ్ ఒక్కసారి కూడా ఆడని వాళ్లు దాన్ని చూసి ఏడ్చారంటే ఆ ఘనత అక్కాచెల్లెళ్లది.

మనింట్లో ఆట

తెలుగు ఇళ్లలో తొంభైల నాటి పిల్లలకు వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే క్యాసెట్ ఆట. ఇంట్లో ఉన్నది ఒకే టీవీ, అదీ హాల్లోనే. మారియో దూకుతుంటే వెనక నుంచి బామ్మ 'జాగ్రత్త నాయనా, గుంట ఉంది' అనేది. సీరియల్ వేళయితే అమ్మ వచ్చి తీగ పీకేసేది. ఆట, కుటుంబం ఒకే గదిలో ఉండేవి. ఇప్పుడు ఎవరి ఫోన్ వాళ్లది, చెవుల్లో హెడ్‌ఫోన్లు. పిల్లాడు ఏ లోకంలో ఉన్నాడో, ఎవరితో పోరాడుతున్నాడో పక్క సోఫాలో ఉన్నవాళ్లకు తెలియదు.

మన దగ్గర బొమ్మలు కదిలించే నైపుణ్యానికి కొదవలేదు. రాజీవ్ చిలక 2001లో హైదరాబాద్‌లో పెట్టిన గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచే 2008లో 'ఛోటా భీమ్' పోగో ఛానెల్‌కు వెళ్లి దేశమంతా పిల్లల నోట నానాడు. మాటలే లేని 'మైటీ లిటిల్ భీమ్' 2019లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా ప్రపంచమంతా తిరిగింది. అన్నదమ్ముల వైరం, తల్లి శపథం మీద నిలబడ్డ 'బాహుబలి' కథ 2017లో యానిమేషన్ సిరీస్‌గానూ, మొబైల్ గేమ్‌గానూ వచ్చింది. కుటుంబ కథ మనకు వెన్నతో పెట్టిన విద్య. ఉమ్మడి కుటుంబాలు, మేనరికాలు, వియ్యాలవారి కయ్యాలు... ప్రపంచంలో ఎవరికీ లేనంత సరుకు మన దగ్గర ఉంది. గేమ్ లోకంలో కాపురం పెట్టిన ఓ తెలుగు కుటుంబం కథను మన స్టూడియోలు తీసి చూపించాలి. రోజూ మూడు ప్రాణాలతో లేచే నాన్న, ఒక్క ప్రాణంతో ఇల్లు నడిపే నానమ్మ ముందు నిలబడితే ఎలా ఉంటుందో మన రచయితలు రాయాలి. 'గేమ్ ఓవర్' వదిలేసిన ఖాళీని పూరించగల సత్తా ఇక్కడ ఉంది.

అది వచ్చేదాకా తల్లిదండ్రులు చేయగలిగిన పని ఒకటుంది. ఈ ఆదివారం పిల్లల చేతిలో ఫోన్ లాక్కోకండి. పక్కన కూర్చోండి. 'ఈ ఆటలో నువ్వెవరు? నీకు అన్నో చెల్లో ఉన్నారా? ఎవరి కోసం పోరాడుతున్నావు?' అని అడగండి. వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి. ఆ తర్వాత మీరు చిన్నప్పుడు ఆడిన ఆట సంగతి, ఆడనివ్వకుండా తిట్టిన మీ ఇంటివాళ్ల సంగతి చెప్పండి. గేమ్ తయారీదారులు ఇవ్వలేని కుటుంబాన్ని ఆ ఆటకు మీరే ఇవ్వగలరు.